ఎమిల్ హూడాక్ దగ్గు

మిల్ ఫెర్రీ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడిన మగవాళ్లందరికీ ఎమిల్ హూడాక్ దగ్గు తెలుసు. అది జలుబు చేసి వచ్చే దగ్గు కాదు. కొత్తకోడలున్న గదిలోకి వచ్చే ముందు మామగారు దగ్గే దగ్గు. హైస్కూలు జట్టు బట్టలు మార్చుకునే లాకర్ గది తలుపు ముందు నిలబడి, ఎమిల్ రెండుసార్లు దగ్గేవాడు. తర్వాత జేబులో తాళాలగుత్తి గలగలలాడించేవాడు. ఆపైన బూటుకి అంటని మట్టిని కూడా గుమ్మానికేసి దులిపి, అప్పుడు లోపలికి అడుగుపెట్టేవాడు. ఈలోగా లోపల జరుగుతున్నదేదో ఆగిపోయేది. అతను వచ్చేసరికి కుర్రాళ్లంతా బెంచీల మీద చేతులు మోకాళ్లకు ఆనించుకుని, చర్చిలో కూడా ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చుని ఉండేవారు. ఏదో ఒక మూల ఒక చిన్నవాడు మాత్రం తడిసిన జుట్టుతో, ఎర్రగా కందిన చెవులతో కనబడేవాడు.

"అంతా బాగానే ఉందా?" అనేవాడు ఎమిల్.

"బ్రహ్మాండంగా ఉంది కోచ్!" అని అందరికంటే గట్టిగా ఆ చెవులు కందినవాడే అరిచేవాడు.

ఎమిల్ తృప్తిగా తలాడించి బయటికి పోయేవాడు.

అతను చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ ఏడాది ఆగస్టు తర్వాత ఊరు అతన్ని రెండువైపులా వాయించింది. చూడనందుకు కొందరు తిట్టారు, చూడలేదని ఒప్పుకున్నందుకు అంతకంటే ఎక్కువమంది తిట్టారు.

అతని తండ్రి నది ఒడ్డున గాజు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. శుక్రవారం జీతం అందుకుని నేరుగా బారుకి, బారు నుంచి నేరుగా పెళ్లాం మీదికి వచ్చేవాడు. ఇంట్లో అరుపులు మొదలవగానే చిన్న ఎమిల్ వెనక షెడ్డులోకి పోయి, తలుపేసుకుని, చెక్క ముక్కకి చిత్రిక పట్టుకుంటూ కూర్చునేవాడు. వడ్రంగం అలా పట్టుబడింది. పెద్దయ్యాక అదే హైస్కూల్లో వడ్రంగం మాస్టారయ్యాడు. మధ్యాహ్నాలు ఫుట్‌బాల్ జట్టుకి సహాయ కోచ్. చదువుకునే రోజుల్లో అతనూ ఆ జట్టులోనే ఆడాడు. ఆటలో తెచ్చుకున్న కీర్తి ఏమీ లేదుగానీ, పోగొట్టుకున్నవి మాత్రం పై పళ్లు. కింది పళ్లు తర్వాత వాటంతటవే పోయాయి.

భార్య బెర్నడీన్ గురువారాలు చర్చి వంటశాలలో ఆడవాళ్లతో కూర్చుని పియరోగీలు చేసేది. పిండి ముద్దల్లో బంగాళాదుంప కూరి అంచులు నొక్కుతూ, ఊరందరి సంగతులూ కూడా వాళ్లు అలాగే కూరి నొక్కేవారు. ఇంట్లో ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే ఎమిల్ తన వంటింటి గుమ్మంలో కూడా దగ్గేవాడు.

"చూశావా, వచ్చాడు. ఆయన గురించి చెప్పేది తర్వాత చెబుతాలే," అని ఆమె ఫోన్ పెట్టేసేది.

మిల్ ఫెర్రీ జట్టు పేరు మ్యూల్స్. అంటే కంచరగాడిదలు. పూర్వం నది మీద పడవల్ని లాగిన జంతువులవి. ఆ పేరు చెప్పుకుని ఊరు ఊరంతా గర్వపడేది. తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరే పిల్లల్ని "పిల్లగాడిదలు" అనేవారు. పిల్లగాడిద జట్టుగాడిద కావాలంటే లాడాలు కొట్టించుకోవాలి. పెద్ద తరగతి కుర్రాళ్లు వాణ్ని చెడ్డీతో గోల్‌పోస్టుకి ఆనించి, చీలమండలకి చుట్టుకునే తెల్ల టేపుతో చుట్టి చుట్టి కట్టేసి, అరికాళ్లకి నల్ల బూట్‌పాలిష్ పూసి, "ఓండ్ర పెట్టరా!" అనేవారు. వాళ్లకి తృప్తి కలిగేదాకా వాడు ఓండ్ర పెట్టాలి. అదీ సంప్రదాయం. ఊరి మేయరు లాడాలు కొట్టించుకున్నాడు. పళ్ల డాక్టరు కొట్టించుకున్నాడు. ఎమిల్ కూడా కొట్టించుకున్నాడు. అతని ఓండ్ర మరీ నీరసంగా ఉండటంతో పెద్దవాళ్లకే విసుగొచ్చి వదిలేశారు.

ఆ ఆగస్టులో నోయెల్ గ్రాబ్ వంతు వచ్చింది. నోయెల్ పొడుగ్గా, సన్నగా, మడతపెట్టిన నిచ్చెనలా ఉండేవాడు. తల్లి ఐరీన్ వృద్ధుల ఆసుపత్రిలో పనిచేసేది. వాళ్లు ఒహాయో నుంచి కొత్తగా వచ్చారు. ఊళ్లో స్నేహితులు దొరుకుతారని ఆమే వాణ్ని జట్టులో చేర్పించింది.

బడులింకా తెరవలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సాధన. మధ్యలో భోజనాల విరామం. ఆ విరామంలో ఎమిల్ లాకర్ గది ముందుకొచ్చి దగ్గాడు. లోపల ఎప్పటిలాగే నిశ్శబ్దం. తాళాలు గలగలలాడించి లోపలికెళ్తే, ఈసారి నిశ్శబ్దానికి కారణం వేరు. గదిలో ఒక్కడూ లేడు. టేపు పెట్టే సొరుగు బార్లా తెరిచి ఉంది, ఒక్క చుట్టయినా మిగల్లేదు. "ఇవాళ చీలమండలు బాగా బెణికినట్టున్నాయి," అనుకున్నాడు. అనుకుని, మైదానం వైపు వీపు పెట్టి కూర్చుని, బెర్నడీన్ కట్టిచ్చిన సాసేజి శాండ్‌విచ్ విప్పాడు. దూరాన ఎక్కడో ఓండ్ర వినిపించింది. శాండ్‌విచ్‌లో ఆవాల ముద్ద ఎక్కువైంది, దాని మీద మనసు పెట్టాడు.

పెద్ద కుర్రాళ్లు నోయెల్‌ని కట్టేసి, కాసేపు నవ్వుకుని, పిజ్జాలు వచ్చాయని కబురందగానే పరిగెత్తారు. జట్టు కెప్టెన్ డెరెక్ సడౌస్కీ, ఇంకెవరో విప్పుతారనుకున్నాడు. ఆ ఇంకెవరో, డెరెక్ విప్పేసి ఉంటాడనుకున్నారు. పిజ్జా అయిపోయింది. ఐస్‌క్రీమ్ వచ్చింది. ఎండ నెత్తి మీద నిప్పులు చెరుగుతోంది.

సాయంత్రం సాధనకని స్కూలు బ్యాండు వాళ్లు ముందుగా మైదానంలోకి వచ్చారు. ఓండ్ర విని, బ్యాండు మాస్టారు వెనక్కి తిరిగి ట్రాంబోన్ ఊదే కుర్రాణ్ని కసిరాడు. "నేను ఇంకా పెట్టె తెరవనేలేదు సార్," అన్నాడు వాడు. అప్పుడు చూశారు. నోయెల్ పెదవులు ఎండిపోయి, భుజాలు కాలిపోయి, కళ్లు తేలేసి ఉన్నాడు. అయినా ఓండ్ర ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు కదా. పెద్ద బాకా వాయించే అమ్మాయి ఒకతె కత్తెరతో టేపు కోసేసరికి వాడు ఆమె మీదికే ఒరిగి పడిపోయాడు.

వాడు బతికాడు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు, భుజాలకి మందు రాశారు, మణికట్టుకి కట్టు కట్టారు.

ఆ సాయంత్రం ఐరీన్ గ్రాబ్ ఎమిల్ ఇంటి తలుపు తట్టింది. ఆసుపత్రి బట్టల్లోనే ఉంది. ఆమె అరుస్తుందనుకుని ఎమిల్ మనసులోనే షెడ్డులోకి పోయి తలుపేసుకున్నాడు. ఆమె అరవలేదు.

"అక్కడ ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరమ్మా. అదే కదా..."

"ఎవరూ లేరని నాకూ తెలుసు. ఎవరుండాలి అని అడుగుతున్నా."

ఎమిల్ నోరు తెరిచాడు. కనీసం దగ్గయినా రాలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి, "ఆలోచించి చెప్పండి," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పెద్ద కోచ్ విన్స్ మఫేయో వచ్చాడు. మెడ లేని మనిషి. గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది. వంటింట్లో కుర్చీ తిప్పి కూర్చున్నాడు.

"ఎమిల్, జాగ్రత్తగా విను. స్కూలు బోర్డు వాళ్లు మీటింగు పెడుతున్నారు. లాకర్ గది డ్యూటీ నీది. కాబట్టి నువ్వు ఆ టైముకి స్కూల్లోనే లేవు. పంటి నొప్పొచ్చి డాక్టరు దగ్గరికి పోయావు. పంటి నొప్పికి ఎవడేం చేస్తాడు? దేవుడి పని."

పొయ్యి దగ్గర బెర్నడీన్ వెనక్కి తిరిగింది.

"ఏ పన్ను విన్స్?"

"ఏదో ఒకటిలే. దవడ పన్ను."

"ఆయన పళ్లన్నీ రాత్రిపూట గ్లాసులో ఉంటాయి. నొప్పి గ్లాసుకి వచ్చిందా?"

మఫేయో ఆలోచించాడు. "అయితే చెవి నొప్పి," అన్నాడు.

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకి అన్నవాడు మిల్ ఫెర్రీలో మఫేయో ఒక్కడే కాదు. ఆ వారం ఊరంతా తాటిచెట్ల మీదే ఉంది. మంగలి షాపులో ఒక వాదన, పెట్రోలు బంకులో ఇంకో వాదన. కుర్రాడు సున్నితం అన్నారు. ఒహాయో వాళ్లంతా అంతే అన్నారు. ఎండదే తప్పన్నారు. పిజ్జా షాపువాడు కాస్త ఆలస్యంగా తెచ్చుంటే ఇదంతా జరిగేది కాదని కూడా ఒకాయన నిరూపించాడు.

మీటింగు స్కూలు భోజనశాలలో జరిగింది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ఎన్నికలకైనా అంతమంది రారు. ముందు వరసలో ఐరీన్, పక్కన నోయెల్. వాడి భుజాల నుంచి చర్మం ఉల్లిపొరల్లా లేస్తోంది.

ప్రిన్సిపాల్ లూమిస్ లేచి గొంతు సవరించుకున్నాడు. "ఇది చాలా విచారకరం. కానీ ఒక విషయం గమనించాలి. ఇది సెలవుల్లో జరిగింది. సెలవుల్లో, సాంకేతికంగా చెప్పాలంటే, స్కూలు ఉండదు."

"గోల్‌పోస్టు ఉంటుందా?" అంది ఐరీన్.

లూమిస్ కూర్చున్నాడు.

మఫేయో లేచాడు. "నా పని అవతలి జట్టు ఎటునుంచి వస్తుందో చూడటం. మన వాళ్లు వెనకాల ఏం చేస్తున్నారో కూడా చూడాలంటే నాకు తల వెనక కళ్లుండాలి." వెనకనుంచి ఎవరో, "మెడ ఉన్నా చాలు," అన్నారు.

కెప్టెన్ డెరెక్‌ని లేపారు. కొండలా ఉంటాడు కుర్రాడు. నేల చూపులు చూస్తూ, "మాకూ చేశారు. మేమెప్పుడూ గొడవ చెయ్యలేదు," అన్నాడు. వాడి తాత స్టూష్‌కి అది చాలలేదు, కర్ర పట్టుకుని తనే లేచాడు.

"ఇప్పటి వాళ్లు వెన్నముద్దలు. మా రోజుల్లో టేపులూ గీపులూ ఏవి? నదికి తీసుకెళ్లి తల ముంచేవాళ్లం. ఎవడూ చావలేదు."

"ఒకడు చచ్చాడు స్టూష్," అన్నాడు అదే ఈడు ముసలాయన ఒకడు.

"వాడు తర్వాత చచ్చాడు. న్యుమోనియా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ సాయంత్రం ఒక్కడూ పిడికిలి తెరవలేదు. పాపం బల్లల మీదుగా చేతులు మారుతూ, మారుతూ, చివరికి ప్రిన్సిపాల్ ముందున్న కాగితం దగ్గర ఆగింది. అందులో "లాకర్ గది పర్యవేక్షణ" అన్న మాట పక్కన ఒక్కటే పేరుంది. ఆయన ఆ పేరు చదివాడు. తలలన్నీ గోడవార కూర్చున్న ఎమిల్ వైపు తిరిగాయి.

ఎమిల్ లేచి నిలబడ్డాడు. మాట్లాడే ముందు, అలవాటు కొద్దీ, రెండుసార్లు దగ్గాడు.

దాంతో భోజనశాల అంతా ఠక్కున నిశ్శబ్దమైపోయింది. మంగలి, పళ్ల డాక్టరు, మేయరు, పెట్రోలు బంకువాడు, డెరెక్, డెరెక్ నాన్న, అందరూ నిటారుగా సర్దుకుని, చేతులు మోకాళ్లకు ఆనించుకుని, పాపం ఎరగని ముఖాలు పెట్టేశారు. పిలిచి అడిగితే "బ్రహ్మాండంగా ఉంది కోచ్" అనేటట్టున్నారు.

ఐరీన్ అటూ ఇటూ చూసింది. "ఇప్పుడేం జరిగింది?" అంది.

ఎమిల్ కూడా చూశాడు. ఇన్నేళ్లలో ఆ దగ్గు చేసే పనిని అతను తలుపుకి ఇవతలి నుంచే విన్నాడు. కళ్లారా చూడటం అదే మొదలు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అది... నా దగ్గమ్మా," అన్నాడు. "గదిలోకి పోయే ముందు దగ్గుతాను."

"ఎందుకు?"

"నేనొస్తున్నానని వాళ్లకి తెలియడానికి."

"తెలిస్తే?"

"చేసేది ఆపేస్తారు."

"ఆపడానికే దగ్గేవారా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బెర్నడీన్ అతన్నే చూస్తోంది. నోయెల్ మాత్రం చూడటం లేదు, భుజం మీద లేచిన చర్మాన్ని గిల్లుకుంటున్నాడు.

"కాదు," అన్నాడు ఎమిల్. "నేను చూడకుండా ఉండటానికి. చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఆ రోజు టేపు సొరుగు ఖాళీగా ఉంది. ఓండ్ర కూడా వినబడింది. నేను శాండ్‌విచ్ తింటూ కూర్చున్నా. అక్కడ ఉండాల్సింది నేనమ్మా. మొన్న మీరు అడిగారు, దానికి జవాబిది."

గదిలో ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. బరువు దిగినవాళ్ల నిట్టూర్పు. ప్రిన్సిపాల్ కలం మూత పెట్టేశాడు. "చాలా నిజాయితీగా చెప్పావు ఎమిల్. ఇక విషయం తేలిపోయింది కాబట్టి..."

"తేలలేదు," అన్నాడు ఎమిల్. జీవితంలో అతను ఎవరి మాటకైనా అడ్డుపడటం అదే మొదటిసారి. ఎలా ఆపాలో తెలియక కొనసాగించాడు. "నా వాటా నేను మోస్తా. మీ వాటాలు కూడా నా నెత్తినే పెట్టి, ఇంటికెళ్లి భోంచేస్తామంటే కుదరదు. విన్స్, నన్ను అక్కడ పెట్టింది నువ్వు. దగ్గు వినబడని రోజు లేదు నీకు. పైగా నాకు పంటి నొప్పి అంటగట్టావు. నాకు పళ్లేవి?" అంటూ నిరూపించడానికి నోట్లో వేలు పెట్టబోతే బెర్నడీన్ దూరం నుంచే, "ఎమిల్, వద్దు!" అని అరిచింది. "మిస్టర్ లూమిస్, మీరు మీ గది కిటికీలోంచి మైదానం అంతా చూస్తారు. ఇక లాడాలు కొట్టించుకుని, అది గొప్పని పిల్లలకి చెప్పిన నాలాంటి వాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. అంతే. నేను కూర్చుంటా."

కూర్చున్నాడు.

ఆ తర్వాత డెరెక్ లేచాడు. వాడి నాన్న చొక్కా పట్టుకుని కిందికి లాగాడుగానీ, కొండని లాగితే వస్తుందా?

"నేనే కట్టాను," అన్నాడు డెరెక్. "ఎవరూ చెప్పలేదు నాకు. నాకు కట్టినప్పుడు నేను ఏడ్చాను. వాడు ఏడుస్తాడేమో చూద్దామనుకున్నా." నోయెల్ వైపు తిరిగాడు. "నువ్వు ఏడవలేదు. నాకు దాంతో ఇంకా మండింది. సారీ రా."

నోయెల్ భుజం గిల్లుకోవడం ఆపి, "ఏడ్చాను. మీరు పిజ్జాకి వెళ్లాక," అన్నాడు.

దానికి ఎవరూ నవ్వలేదు.

బోర్డు తీర్పు తర్వాత వచ్చింది. డెరెక్‌నీ, వాడితో చేతులు కలిపిన ముగ్గుర్నీ సగం ఆటల నుంచి పక్కన పెట్టారు. మఫేయోని రెండు ఆటలు దూరంగా ఉండమన్నారు. ఆ రెండు ఆటలూ కంచె బయట నిలబడి అతను గుసగుసగా ఇచ్చిన సలహాలు రెండు జట్లకీ వినిపించాయి. ప్రిన్సిపాల్‌కి కర్టెన్ లేని కొత్త కిటికీ అద్దాలు ప్రసాదించారు. ఎమిల్‌ని కోచ్ పని నుంచి తీసేశారు, వడ్రంగం మాత్రం ఉంచారు. నోయెల్ ఫుట్‌బాల్ మానేసి, తనని విడిపించిన బాకా అమ్మాయి బ్యాండులో ఉంది కదా అని అందులో చేరాడు. వాడికి వాయించడానికి తాళాలు ఇచ్చారు, ఇత్తడి పళ్లేలంత పెద్దవి.

ఊరు మాత్రం తేలిగ్గా వదల్లేదు. మంగలి ఎమిల్‌కి మాట్లాడకుండా జుట్టు కత్తిరించాడు. మంగలి చేతిలో అంతకు మించిన శిక్ష లేదు. చర్చిలో చేపల వేపుడు విందు రోజున అతని పళ్లెంలోకి తోకలే వచ్చాయి. అక్టోబరులో, తాము ఎన్నేళ్లుగానో ఓడిస్తూ వచ్చిన బేకర్స్ రన్ జట్టు చేతిలో మ్యూల్స్ చిత్తుచిత్తుగా ఓడింది. గోల్‌పోస్టుకి పిల్లాణ్ని కట్టినందుకు బాధ్యులెవరో తేల్చడానికి వారాలు పట్టిన ఊరు, ఓటమికి బాధ్యుడెవరో ఆట ముగియకముందే తేల్చేసింది.

"ఆ హూడాక్ నోరు మూసుకుని ఉంటే డెరెక్ ఆడేవాడు!" అని స్టూష్ తాత ప్రేక్షకుల మెట్ల మీద నిలబడి కర్ర ఊపాడు.

ఆయన పక్కనే డెరెక్ కూర్చుని ఉన్నాడు. "కూర్చో తాతా," అన్నాడు. "నేను కట్టకుండా ఉంటే ఆడేవాణ్ని."

ఆ రోజు ఎమిల్, బెర్నడీన్ ప్రేక్షకుల బెంచీల మీద కూర్చున్నారు. ఆటని అక్కడినుంచి చూడటం ఎమిల్‌కి చేతకాలేదు. ఈల చప్పుడు విన్నప్పుడల్లా లేచి నిలబడేవాడు, వెనకవాళ్లు కసిరేవారు. నిజానికి వెనకవాళ్లు కూడా చాలా వెనక ఉన్నారు. అతని చుట్టూ ఊరు మర్యాదగా ఇంత ఖాళీ వదిలింది. బెంచీ మీద బెర్నడీన్ తన కోటూ, దుప్పటీ, క్యాబేజీ చుట్టల గిన్నె, అన్నీ విడివిడిగా పరుచుకుంది.

"ఇన్నేళ్లలో ఇంత సుఖంగా ఎప్పుడూ ఆట చూడలేదు," అంది.

విరామం ముందు సన్నగా వాన మొదలైంది. పైనుంచి ఒకామె గొడుగు పట్టుకుని మెట్లు దిగుతూ, వాళ్ల వరస దగ్గర ఆగింది. ఐరీన్. ఎమిల్ లేచి నిలబడి టోపీ తీశాడు.

"నేను మిమ్మల్ని క్షమించలేదు. తెలుసు కదా?" అంది ఆమె.

"తెలుసమ్మా."

"సరే, జరగండి. అక్కడినుంచి నా కొడుకు కనబడటం లేదు."

ఎమిల్ జరిగాడు. బెర్నడీన్ గిన్నె మూత తీసి, ఏమీ అడక్కుండా ఐరీన్ చేతిలో ఒక ఫోర్కు పెట్టింది. గొడుగు చిన్నది కావడంతో ముగ్గురూ దగ్గరగా సర్దుకున్నారు. మైదానంలోకి బ్యాండు వచ్చింది. చివరి వరసలో, తడిసిన టోపీ ముక్కు మీదికి జారుతుండగా, మడత విప్పిన నిచ్చెనలాంటి కుర్రాడు చేతులు రెండూ బార్లా చాచి తన వంతు కోసం చూస్తున్నాడు. పాట సగంలో, అందరూ ఆగాల్సిన చోట, వాడొక్కడే తాళాలు శక్తికొద్దీ ఫెళ్లుమనిపించాడు.

"అది పాటలో ఉందా?" అంది బెర్నడీన్.

"లేదు," అంది ఐరీన్ క్యాబేజీ నములుతూ. "ఇంట్లో కూడా అక్కడే కొడతాడు."